మగ్గం గుంటలో దొరికిన కండె

మా ఆయన పోయిన ఐదో నెలలో మగ్గం విప్పించేశాను. నేసే మనిషే లేనప్పుడు ముందుగదిలో సగం జాగా దానికెందుకు అనిపించింది. వడ్రంగి చిన్నయ్య వచ్చి పలకలూ కొయ్యలూ ఊడదీసి వీధరుగు మీద పేర్చాడు. నేతగాడు కాళ్లు దించుకుని కూర్చునే గుంట ఒకటి ఉంటుంది కదా, దాన్ని మట్టితో పూడ్చేద్దామని అందులోకి దిగినవాడు, గుంట గోడలో పిడికిలి పట్టేంత గూడు ఉందన్నాడు. చెయ్యి పెట్టి ఒక గుడ్డ పొట్లం బయటికి తీశాడు.

"అమ్మా, ఇందులో ఏటో ఉన్నాది. సూసుకోండి" అని నా చేతిలో పెట్టాడు.

విప్పి చూస్తే పాత కండె. అడ్డంగా నేసే పేక నూలు చుట్టి, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టుకునే చిన్న వెదురు పుల్లని మేం కండె అంటాం. దాని మీద నూలు లేదు, తల వెంట్రుకలు ఉన్నాయి. పొడుగాటి నల్ల వెంట్రుకలు. ఒకదాని కొసకు ఒకటి ముడివేసి, వరస తప్పకుండా చుట్టినవి. ఆ చేతిపని ఎవరిదో చూడగానే తెలిసింది. వెంట్రుకలు ఎవరివో కూడా తెలిసింది. ఇప్పుడు నా తలలో నల్ల వెంట్రుక వెతికినా దొరకదు గానీ, ఇరవై రెండేళ్లకు కాపురానికి వచ్చినప్పుడు నా జడ నడుం దాటి ఉండేది. నేను గడప మీదే కూలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఎందుకో చెప్పడానికే ఇదంతా రాయిస్తున్నాను.

రాస్తున్నది మా అన్న కూతురు భారతి. నాకు సంతకం వరకే వచ్చు, అదీ ముగ్గు పెట్టినట్టు గీస్తాను. భారతి శ్రీకాకుళంలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతుంది. జపాన్ దేశపు నవలల మీద పెద్ద పుస్తకం రాసి పట్టా పుచ్చుకోవాలట. ఆ పని పెట్టుకుని వేసవి సెలవులకు పొందూరులో నా దగ్గర దిగింది, ఇక్కడైతే ఎవరూ పలకరించరని. దాని మొగుడు రాంబాబు సాలూరులో లారీలు తిప్పుతాడు. తనే స్వయంగా తీసుకొచ్చి, మామిడిపళ్ల బుట్టా టేబుల్ ఫ్యానూ దింపి, "అత్తా, పుస్తకం పడితే ఇది తిండి మర్సిపోతాది. నువ్వే సూసుకోవాల" అని అప్పజెప్పి, వీధి మలుపు దాకా వెనక్కి చూసుకుంటూ వెళ్లాడు. ఇది అప్పటికే లోపలికి పోయి పుస్తకాలు సర్దుకుంటోంది. నా యాసని దిద్దుకుంటే దిద్దుకో, మాటని మాత్రం మార్చొద్దు అని దానికి ముందే చెప్పాను.

మధ్యాహ్నాలు నేను పత్తి దువ్వుకుంటూ కూర్చుంటే అది చదివిన కథలు చెప్పేది. మేం పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతాం. ఆ ఎముకకు సూదుల్లాంటి సన్నటి పళ్లుంటాయి. కర్రకు కట్టి మెల్లగా లాగితే చెత్తంతా పోయి పీచు తెల్లగా పడుతుంది. చేతులకు పని ఉంటుంది గానీ చెవులు ఖాళీయే. అలా ఆ దేశం మనుషుల సంగతులు చాలానే విన్నాను. అగ్గిపెట్టెల్లాంటి గదుల్లో ఒంటరిగా ఉండే మగవాళ్లు. వారం వారం కలుసుకుంటూ కూడా నీ ఇల్లెక్కడ అని అడగని ఆడామగా. నాలుగేళ్లు కలిసి బతికిన మనిషి వెళ్లిపోతే, స్నానాలగదిలో పళ్లు తోముకునే బ్రష్షు ఒకటి తగ్గింది అనుకుని టీ పెట్టుకున్న పిల్ల. ఊళ్లు మరీ పెద్దవైపోతే మనుషులకు ఇలా అవుతుందని భారతి అంది. అలాగేనేమో అనుకున్నాను. మాదేమో రెండు గదుల ఇల్లు, గట్టిగా తుమ్మితే నాలుగిళ్లకు వినపడే వీధి. మా ఇంట్లోకి ఆ జబ్బు ఏ దారిన వచ్చిందో మరి.

ఆ కథల్లో ఒకటి నన్ను పట్టుకుంది. రేవులో పనిచేసే ఒకాయన. రోజూ సముద్రం ఎంత ఎత్తున ఉందో కొలిచి రాయడం ఆయన పని. ఇంట్లో గదికీ గదికీ మధ్య కాగితం అతికించిన తలుపు. సాయంత్రం దీపం పెట్టాక అవతలి గదిలో భార్య కూర్చుని పళ్ల తొక్క తీస్తుంటే ఆవిడ చేతుల నీడ ఆ కాగితం మీద పడుతుంది. ఆ నీడని చూస్తూ ఈయన లోపల్లోపల కాలిపోతుంటాడు. తలుపు మాత్రం జరపడు. ఇలా ఏళ్లు గడిచి, ఒకరోజు ఆవిడ వెళ్లిపోతుంది. మర్నాడు ఈయన లేచి, ఆవిడ కోసి ఉంచిన పండు ముక్కలు తిని, ఎప్పటిలాగే సముద్రం కొలవడానికి పోతాడు.

"ఎంత బాగున్నాదో సూడత్తా" అంది భారతి. "ఆశ ఉన్నాది. గానీ దాన్ని అంటుకోడు. నీళ్లల్లో రాయిలాగ ఉండిపోతాడు."

"తలుపు అవతల కూకున్నదానికి ఏటి కావాలట?"

"అది పుస్తకంలో లేదత్తా."

"ఎన్ని పేజీలే పుస్తకం?"

"మూడొందలు."

"మూడొందల పేజీల్లో అది ఒక్క మాట అనలేదేటి? మూగదేటే?"

భారతి నవ్వింది. ఆవిడ మౌనంలోనే అందం ఉందని, చదివేవాళ్లు ఊహించుకోవాలని ఏదో చెప్పింది. నేను దువ్వుతున్న పత్తి పక్కన పెట్టేశాను. ఊహించుకోవడం ఎందుకు, తలుపు అవతల కూర్చున్న మనిషిని నేను ఇక్కడే ఉన్నాను కదా, నన్నే అడగొచ్చు కదా అనిపించింది. అప్పటికి ఆ కండె దొరకలేదు.

నేను కాపురానికి వచ్చినప్పుడు ఈ ఇంట్లో మూడు వాసనలు ఉండేవి. మగ్గం మీది నిలువు పోగులైన పడుగుకు పట్టించే గంజి పులిసిన వాసన, గూట్లో ఆరబెట్టిన వాలుగ దవడల నీచు వాసన, మా అత్త చుట్ట వాసన. మా వైపు పాతకాలపు ఆడవాళ్ల లాగే ఆవిడ అడ్డపొగ తాగేది. అంటే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని. చుట్ట తియ్యకుండానే కేకలేసేది, కోళ్లను తోలేది, పెదవుల పక్క నుంచి పొగ వస్తుండేది. పొద్దున్నే చోడిపిండితో అంబలి కాచి, ఉల్లిపాయో ఎండుచేప ముక్కో నంజుకుని ముగ్గురం తాగేవాళ్లం. ఆ తర్వాత ఎవరి చోటికి వాళ్లం. ఆయన మగ్గం గుంటలోకి, నేను రాట్నం దగ్గరికి, అత్త మధ్యలో విల్లుతో పత్తి ఏకుతూ. వడకడానికి తయారైన దూది ఏకులను ఎండిన అరటి దొప్పలో చుట్టి దాచేవాళ్లం, ఊరికే చెయ్యి తగిలినా పీచు చెదిరిపోతుందని. ఆ ఏకులను చూసి నేను కుళ్లుకునేదాన్ని. ఈ ఇంట్లో అంత సుతారంగా పట్టుకునేది వాటినే.

మా ఆయన పేరు సూరయ్య. ఆయన గురించి చెడ్డ మాట చెప్పాలంటే నాకు దొరకదు, అదే నా చిక్కు. తాగడు, కొట్టడు, కూరలో ఉప్పు లేదని ఒక్కనాడూ అనలేదు. నేను ఏం అడిగినా "అలాగే" అనేవాడు. నీళ్ల దగ్గర ఆడవాళ్లు "నీ మొగుడు దేవుడే పైడమ్మా" అనేవాళ్లు. దేవుడితో కాపురం చేసి చూడండి, తెలుస్తుంది. పక్క మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఏడాదికి ఏ ఒకటి రెండుసార్లో ఇటు తిరిగితే, అదీ మగ్గానికి నూనె రాసినట్టే, చెయ్యాలి కాబట్టి చేసి మళ్లీ గోడవైపు తిరిగేవాడు. నా మొహం చూసేవాడు కాదు.

నాకేమో ఆయన కావాలి. ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. నా రాట్నం దగ్గర కూర్చుంటే ఆయన వీపు కనపడేది. నాడె అటూ ఇటూ పోతుంటే భుజాల కింద కండలు కదిలేవి, మెడ వెనక మడతలో చెమట నిలిచేది. అది చూస్తూ నా చెయ్యి ఆగిపోయేది, పోగు తెగేది. సన్న నూలు తీయడంలో వాడలోనే పేరున్న దాన్ని నేను. ఆయన వీపు మూలాన రోజుకు పదిసార్లు తెంపుకునేదాన్ని.

మూడేళ్లయినా పిల్లలు లేరని అత్త నన్ను శ్రీకూర్మం తీసుకెళ్లింది. గుడి వెనక తాబేళ్లు ఉంటాయి, వాటికి ఆకుకూర పెట్టి మొక్కుకోమంది. నేను కూర చాచాను. తాబేలు తల లోపలికి లాక్కుంది. ఎంత సేపు కూర్చున్నా బయటికి తియ్యలేదు. "నీ సెయ్యి మంచిది కాదే" అంది అత్త. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. ఇలాంటిదాన్ని ఇంట్లో మూడేళ్లుగా చూస్తున్నానని ఆవిడకు ఎలా చెప్పను.

ఆ ఏడు వానాకాలంలో ఒకరోజు నా వెంట్రుక ఒకటి నూలులో పడింది. మొదటిది నిజంగా పొరపాటే. ఏకుతో పాటు మెలిపడిపోయింది, చూసుకోకుండా కండెకు చుట్టేశాను. మగ్గం మీద అది నాడెలో తట్టుకుంది. టకటకమంటున్న మగ్గం ఆగింది. ఖద్దరు నేసేవాడికి నూలులో వెంట్రుక వస్తే అంతకంటే ఒళ్లు మండేది ఉండదు. గుడ్డ పాడవుతుంది. వేరే ఇంట్లో అయితే ఆ కండె తీసుకుని నూలు వడికినదాని మొహాన కొడతారు. నేను కళ్లు మూసుకుని తిట్టు కోసం చూశాను. ఆయన ఆ వెంట్రుకను పోగులోంచి మెల్లగా లాగి, పక్కన పెట్టి, తెగిన చోట ముడివేసి, మళ్లీ నేత మొదలుపెట్టాడు. నావైపు తిరగనైనా లేదు.

రెండోది నేను కావాలనే కలిపాను. మూడోదీ, నాలుగోదీ అంతే. ఆ వానాకాలమంతా రోజుకో వెంట్రుక తెంపి నూలులో మెలిపెట్టాను. పొందూరులో నూలు వడికే ఆడది తన చేతిపనిని తానే పాడుచేసుకోవడం కంటే సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు. తెలిసే చేశాను. తిడతాడేమో, కొడతాడేమో, కనీసం వెనక్కి తిరిగి ఏమిటిది అంటాడేమో అని. రోజూ మగ్గం ఆగేది, అంతలోనే మళ్లీ నడిచేది. ఆయన నేసిన బట్టలో అక్కడక్కడా చిన్న ముడులు. వేలితో తడిమితే తెలిసేవి.

ఆయన ఏమీ అనలేదు, అడిగింది అత్తే.

"ఏటే గుంటా, నూలులో తలెంట్రుకలు వొస్తన్నాయి. జడ ముడేసుకుని కూకోలేవేటి?"

"మీ కొడుకు ఏటైనా అన్నాడేటి అత్తా?"

"ఆడేటంటాడు. ఆడు నోరిప్పితే ఇంటి పైకప్పు ఎగిరిపోద్దనుకుంటాడు."

అలా అని, చుట్ట నోట్లోంచి తీసి, నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఆవిడ చుట్ట తీసి మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

"ఈడి అయ్య కూడా ఇలగే" అంది. "నాను సుట్ట అలవాటు సేసుకున్నాను. నువ్వూ ఏదోటి సేసుకో."

చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుని కోళ్ల మీదికి లేచింది. నిప్పుని అలా నోట్లో దాచుకోవడం ఆవిడకు ఎలా అలవాటైందో ఆ రోజు తెలిసింది.

నేను ఏదీ అలవాటు చేసుకోలేకపోయాను. చివరికి ఒక మధ్యాహ్నం, అత్త సంతకు పోయినప్పుడు, రాట్నం ఆపి లేచాను. మగ్గం పక్కకు వెళ్లి గుంట అంచున కూర్చుని, నాడె తాడు లాగుతున్న ఆయన చేతి మీద నా చెయ్యి వేశాను. "మావా" అన్నాను. ఇంకేమీ అనలేదు, అనడానికి ఏముంది. ఆయన చెయ్యి కదల్చలేదు. లాక్కోనూ లేదు, పట్టుకోనూ లేదు. ఎదురుగా ఉన్న పడుగు చూస్తూ, నేను తీసేదాకా ఆగాడు. బయట చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. నా చేతి కింద ఆయన నరం కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. ఎంత సేపో నాకు తెలియదు.

"పోగు ఆరిపోతాది" అన్నాడు.

గంజి తడి మీద ఉండగానే నెయ్యాలి, అది నిజమే. అబద్ధం చెప్పే మనిషి కాదు. నేను చెయ్యి తీసేశాను. ఆ రోజు నుంచి నూలులో వెంట్రుక పడలేదు. నా నూలు మళ్లీ వాడలో మొదటిదైంది. ఆయన మగ్గం మళ్లీ ఆగలేదు. అలా ముప్ఫై తొమ్మిదేళ్లు.

ఆఖరి ఏడాది పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. అప్పుడు ఆ ఒళ్లంతా నా చేతిలోకి వచ్చింది. రోజూ తడిగుడ్డతో తుడిచాను, బట్టలు మార్చాను, ఆ వీపుకి పుళ్లు పడకుండా పౌడరు రాశాను. ఇరవై రెండేళ్లప్పుడు దేనికోసం పోగులు తెంపుకున్నానో ఆ వీపే. చేతి కింద ఎముకలు తగిలేవి. నాకు ఏమీ అనిపించేది కాదు. ఒకసారి మాత్రం వంకరపోయిన నోటితో "నీకు శ్రమ" అన్నాడు. "ఫరవాలేదు" అన్నాను. మేమిద్దరం మాట్లాడుకున్న మాటల్లో అదే పెద్దది. పోయిన రోజు నేను ఏడవలేదని వీధిలో వాళ్లు రాయి అన్నారు. ఆయనకు అసలు కోరికంటూ లేదు, కొందరు అలాగే పుడతారు, గుడ్డివాణ్ని చూడలేదని తిడతామా అనుకుని, నేను ఎప్పుడో క్షమించేశాను. అంత నిమ్మళంగా ఉన్నాను. అప్పుడు చిన్నయ్య ఆ పొట్లం తీశాడు.

భారతి ఆ కండె చూసి, సంగతంతా నా చేత చెప్పించుకుని, కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అత్తా, మావయ్య ఒక్కటీ పారేయలేదు. ఎంత ప్రేమో సూడు. ఇది అచ్చం నా నవలే. ఆ కాగితం తలుపు ఇదే."

"ప్రేమని ఎవలన్నారు?"

"మరేటత్తా? ప్రతి ఎంట్రుకా ముడేసి దాసుకున్నాడు. కాళ్లకాడే పెట్టుకుని నలభయ్యేళ్లు నేశాడు."

"అదే సెప్తన్నాను. నాను ఎనకాల నాలుగడుగుల దూరంలో కూకున్నాను. జడ తోటి, మొహం తోటి, రక్తం తోటి. తెగిన ఎంట్రుక దాసుకున్నాడు, మనిషిని ఒగ్గేశాడు."

"ఆయనకి సేతకాలేదేమో. భయమేమో."

"నాకు మాత్రం భయం లేదేటి? నాను సెయ్యి ఏశాను కాదేటి? ఆడదాన్నయ్యుండి, పట్టపగలు."

నేనే చెప్పాను, ఇప్పుడూ అదే రాయిస్తున్నాను. ఆయనకు లేదనుకున్నంత కాలం నాకు ఆయన మీద కోపం లేదు. ఉందని తెలిశాకే వచ్చింది. ఆకలిగా ఉన్న మనిషి ఎదుట గాదె తలుపు మూసి, లోపల కూర్చుని గింజలు నిమురుకున్నవాణ్ని ఏమంటారు? ఆ నవలలు రాసినవాళ్లు దాన్ని అందం అంటారు, భారతి నిర్లిప్తత అంటుంది. నేను పిసినారితనం అంటాను. వెంట్రుకలతో గొడవ ఉండదు. అవి ముసలివి కావు, మావా అని పిలవవు, ఏదీ అడగవు. మనిషితో అయితే ఏదో ఒకటి ఇవ్వాలి.

కండెను ఫోటో తీసుకుంటానని, తన పుస్తకంలో వాడుకుంటానని భారతి అడిగింది. ఇవ్వలేదు. చిన్నయ్య మట్టి తెచ్చేసరికి గుంటలోనే పడేసి, మొదటి గంప నా చేత్తోనే పోశాను. ఇప్పుడక్కడ నేల చదునుగా ఉంది, భారతి చాప వేసుకుని రాసుకునేది ఆ చోటే.

ఆ రోజుల్లో ఆడదానికి కోరిక ఉందని బయటపెట్టడమే తప్పు. చెయ్యి వేసినందుకు నేనే ఏళ్ల తరబడి సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఆ సిగ్గులు లేవు. వేరే గదులున్నాయి, చేతుల్లో ఫోన్లున్నాయి, చదువుంది, కావాలి అన్న మాటని ఎవరైనా పైకి అనొచ్చు. అడిగే వీలు వచ్చాక జవాబు కూడా దానంతట అదే వస్తుందనుకున్నాను, నా పిచ్చి. ఈ మాట చెబుతూ ఉండగా భారతి పక్కన ఫోను మోగింది. అద్దం మీద రాంబాబు బొమ్మ, లారీ ముందు నిలబడి నవ్వుతున్నది. అది చూసి, బోర్లా తిప్పి పెట్టింది.

"సెప్పత్తా, తరవాత ఏటైంది?"

"ఎత్తవే. మొగుడు."

"తిన్నావా అని అడుగుతాడు. రోజూ అదే. మళ్లీ సేస్తాన్లే."

"నిన్న సేశావేటి?"

ఫోను ఆగింది. వెంటనే మళ్లీ మోగింది, చాప మీద వణుకుతూ కొంచెం పక్కకు జరిగింది. భారతి కోపంగా లేదు, విసుగ్గానైనా లేదు. ఎదురుగా కాగితం చూస్తూ, అది ఆగేదాకా ఓపిగ్గా కూర్చుంది. ఆ ఓపిక నాకు బాగా తెలుసు.

"ఇది కూడా రాయి" అన్నాను.

"ఏదత్తా?"

"మోగింది, నువ్వు ఎత్తలేదు అని."

నావైపు చూసింది, తల వంచుకుంది, కలం కాగితం మీద పెట్టింది. ఒక్కో అక్షరమే రాస్తోంది. సాలూరు నుంచి మూడోసారి మోగుతోంది.